ఏప్రిల్ జపాన్ ట్రిప్: ఈ వారం పనులు

అందరికీ నమస్కారం! టోక్యోలో ఉద్యోగాలు చేసినన్నాళ్ళూ "ఎప్పుడైనా చూడొచ్చులే" అని వదిలేసిన చోట్లకి ఇప్పుడు వీసా తీసుకుని మరీ వెళ్తున్నాం 😄

ముందు జిబ్లీ మ్యూజియం (యానిమేషన్ సినిమాల జిబ్లీ స్టూడియో వాళ్ళది). ఏప్రిల్ టికెట్లు మార్చి 10న, మన టైం ఉదయం 6:30కి ఓపెన్. గేటు దగ్గర అమ్మరు. అలారం పెట్టుకుని ఎవరిది వాళ్ళే బుక్ చేసుకోండి.

రైల్ పాస్ (టూరిస్టులు కొన్నాళ్ళపాటు జేఆర్ రైళ్ళలో తిరిగే టికెట్) కొనకండి. 2023 అక్టోబరులో 7 రోజుల పాస్ 29,650 యెన్ల నుంచి ఏకంగా 50,000కి ఎక్కింది. టోక్యో, క్యోటోలకి విడి టికెట్లే చవక.

రైళ్ళకీ బస్సులకీ డబ్బులు వేసుకుని వాడిన పాత సుయికా కార్డు బీరువాలో వెతకండి. చివరిసారి వాడి పదేళ్ళు దాటకపోతే ఇంకా పనిచేస్తుంది.

అక్కడి వాళ్ళు ఎంత బతిమాలినా నాటుకోడి పచ్చడి, పచ్చి కరివేపాకు పెట్టుకోవద్దు. ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

టోక్యోలో బొమ్మలు, కామిక్స్ దుకాణాలుండే నకానో బ్రాడ్‌వే మాల్‌కి రోజంతా ఇచ్చాను, బేరాల్లేవు! బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ళు సూట్‌కేసులో చోటు ఉంచుకోండి. లేనివాళ్ళకి బేస్‌మెంట్‌లో ఎనిమిది రుచుల సాఫ్ట్ క్రీం ఉంది, అక్కడే కూర్చోండి.

వీసా కాగితాలు ఇంకా ఇద్దరు ఇవ్వాలి. శుక్రవారం లోపు పంపేయండి, ప్లీజ్ 🙏