తాత మీద కవితను ఎలా చదవాలంటే

అమ్మలూ,

తాతా మనవరాళ్ల అనుబంధం మీద కవితకు విశ్లేషణ రాయాలన్నావు కదా. ఇలాంటి కవిత దగ్గర చాలామంది "ఇందులో తాత ప్రేమను కవి చక్కగా వర్ణించాడు" అని మొదలుపెట్టి, ఆ తర్వాత కవితనే వచనంలో తిరగరాస్తారు. ప్రేమ ఉందని చదివే ప్రతివాళ్లకీ తెలుసు. అది ఏ మాటల్లో ఉంది, ఎక్కడ మలుపు తిరిగింది అన్నదే నువ్వు చూపించాలి.

ముందు రెండుసార్లు పైకి చదువు. మూడోసారి క్రియలన్నిటి కిందా గీత గియ్యి. అసలు కథంతా నడిచేది అక్కడే. "ఎత్తుకునేవాడు", "చూపించేవాడు" అని వరసగా వస్తే అది ఒకప్పుడు అలవాటుగా జరిగి, ఇప్పుడు లేని పని. తాత పోయాడని ఎక్కడా అనకుండానే క్రియారూపం ఆ అనుమానం కలిగిస్తుంది. మధ్యలో హఠాత్తుగా "అడిగాడు" అని వస్తే అది ప్రత్యేకించి ఒక రోజు. కవి అక్కడ ఎందుకు ఆగాడో చూడు. తర్వాత ఒక్కో క్రియ పక్కనా కర్త ఎవరో రాసుకో. మొదట్లో తాత చెయ్యి పట్టి నడిపించి, చివరికొచ్చేసరికి మనవరాలు ఆయన్ని నడిపిస్తుంటే, కర్త మారిన ఆ పంక్తే కవితకు మలుపు. నీ వ్యాసంలో సగం చోటు దానికే ఇచ్చినా నేను తప్పనను.

మాట్లాడే గొంతు ఎవరిదో కూడా తేల్చుకో. చిన్నపిల్ల గొంతయితే తనకు అర్థంకాని సంగతులు మనకు అర్థమవుతాయి, బాధ అక్కడ పుడుతుంది. పెద్దయ్యాక తలచుకుంటున్న గొంతయితే అన్నీ తెలిసే చెబుతోంది. ఆ గొంతు కవిదే అనుకుని "కవి తన తాతను గుర్తుచేసుకున్నాడు" అని మాత్రం రాయకు. కవిత అంతవరకు చెప్పదు.

ఇక చేతికర్ర, కళ్లద్దాలు లాంటివి. "చేతికర్ర ముసలితనానికి ప్రతీక" అని ముద్రవేస్తే ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. ఆ వస్తువు మొదట ఎవరి చేతిలో ఉంది, రెండోసారి వచ్చినప్పుడు ఎక్కడుంది, ఆ తేడా చెప్పు.

రసం, అంటే కవిత చదివేవాళ్లలో కలిగించే అనుభూతి, దాని పేరు తొందరపడి రాయకు. వాత్సల్యం పెద్దల నుంచి పిన్నలకు పారేది. మనవరాలి వైపు నుంచి చెప్పే కవితకు ఆ పేరు సగమే సరిపోతుంది. తాత ఇక లేడని తెలిసిన పంక్తి నుంచి స్థాయీభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, శోకమైతే అది కరుణరసం. అప్పుడు తాత ఆలంబనం (ఆ భావం ఎవరి గురించో వాళ్లు), ఆయన కళ్లద్దాలు ఉద్దీపనం (ఆ భావాన్ని రగిలించేది), గొంతు పూడుకోవడం అనుభావం (ఆ భావం బయటపడే గుర్తు). వీటికి కవితలో మాటలు దొరికితేనే రాయి.

పేరాకు ఒక్క పరిశీలన చాలు. కవితలోంచి రెండు మూడు మాటలు ఎత్తి చూపి, అవి ఏం చేస్తున్నాయో వెంటనే చెప్పు. నాలుగేసి పంక్తులు ఎత్తిరాస్తే నీ మాటకు చోటు మిగలదు. మొదటి పేరా అన్నిటికన్నా చివర రాయి, అప్పటికి ఏం కనిపెట్టావో నీకే తెలుస్తుంది. చిత్తుప్రతితోపాటు గీతలు గీసిన కవిత కాగితం కూడా పంపు, కర్తలు సరిగ్గా పట్టావో లేదో చూస్తాను.

ప్రేమతో,
నాన్న