బెడ్డు బెడ్డుకీ లెక్క కావాలి, మంత్రి గారూ

ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒక మున్సిపాలిటీ ఫిల్టర్ హౌస్‌లో చాలా ఏళ్లు షిఫ్టు డ్యూటీ చేసి రిటైరైనవాణ్ణి. ఊరి పేరు రాయను. ఇప్పుడక్కడ పనిచేస్తున్న కుర్రాళ్లకు మెమోలు రావడం నాకిష్టం లేదు.

మా దగ్గర ఆరు ఫిల్టర్ బెడ్లు, అంటే తాగునీటిని వడకట్టే ఇసుక తొట్లు. ఆరింటి నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి, శాంపిల్ కూడా ఆ సంపులోంచే తీస్తాం. ఒక వానాకాలం మూడో బెడ్డుకు బ్యాక్‌వాష్ ఇస్తుంటే, అంటే కింది నుంచి నీళ్లు ఎదురు కొట్టి ఇసుక కడుగుతుంటే, ఒక మూల నీళ్లు ఎసరు మరిగినట్టు ఉబికాయి. నీళ్లు దించి చూస్తే అక్కడ ఇసుక లేచిపోయి గులకరాళ్లు తేలి ఉన్నాయి. సంపు శాంపిల్ పెడితే టర్బిడిటీ, అంటే నీళ్ల మసక, 0.8. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం 1 ఎన్‌టీయూ (మసకను కొలిచే యూనిట్) కదా, లాగ్‌బుక్కులో పాస్! మిగతా ఐదు బెడ్లూ కలిసి మూడోదాని తప్పు కప్పేశాయి. కాగితం మీద తప్పే లేనప్పుడు రిపేరుకు సంతకం ఎవరు పెడతారు? నాలుగు నెలలు తిరిగాను.

లేజర్ పార్టికల్ కౌంటర్ గురించి మీకు రాస్తున్నది అందుకే. టర్బిడిటీ మీటరు నీళ్లు మొత్తంగా ఎంత మసకగా ఉన్నాయో చెబుతుంది. కౌంటరు నలుసులను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. సన్నటి దారిలో నీళ్లు పోతుంటే అడ్డంగా లేజర్ వెలుగు పడుతుంది. నలుసు అడ్డొచ్చిన ప్రతిసారీ ఆ వెలుగు కాస్త తగ్గుతుంది, ఎంత తగ్గిందో దాన్నిబట్టి నలుసు సైజు తెలుస్తుంది. 2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకు పైబడినవి మిల్లీలీటరుకు ఎన్నున్నాయో అంకె వస్తుంది. బెడ్డు పాడవుతుంటే చాలాసార్లు టర్బిడిటీ కదలకముందే ఈ అంకె పెరుగుతుంది. బ్యాక్‌వాష్ అయిన వెంటనే చూడాలి దాని తమాషా: ఒక్కసారిగా ఎగబాకి, మెల్లమెల్లగా దిగుతుంది. ఆ తొలి నీళ్లు డ్రెయిన్‌కు పోవాలి. మా దగ్గర ఆ వాల్వు తుప్పుపట్టి, నేరుగా సంపులోకే వెళ్లేవి.

క్లోరిన్ వేస్తున్నాంగా అంటారు. 1993లో అమెరికాలోని మిల్వాకీలోనూ వేశారు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఫిల్టర్లు దాటిపోయి దాదాపు 4 లక్షల మందికి విరేచనాలు పట్టుకున్నాయి. అది 4 నుంచి 6 మైక్రాన్లు ఉంటుంది, మనం వేసే క్లోరిన్‌కు చావదు. ఇసుకే ఆపాలి.

అలాగని ఊరూరికీ టెండర్లు పిలవమనడం లేదు. ఆ మెషీన్ గాలి బుడగనూ నలుసుగానే లెక్కేస్తుంది, మట్టో క్రిమో చెప్పదు. సెన్సర్ తుడవాలి, ధార ఒకే తీరుగా ఉండాలి. మా ప్లాంటులో కొబ్బరికాయ కొట్టి పెట్టిన క్లోరిన్ మీటరు రెండో ఏటికే ప్లాస్టిక్ కవరు కిందకు చేరింది.

జిల్లాకు ఒక పోర్టబుల్ కౌంటరు, దాన్ని వాడటం తెలిసిన ఒక కెమిస్టు చాలు. నెలకోసారి ప్రతి ప్లాంటుకూ వెళ్లి, బ్యాక్‌వాష్ ముందూ తర్వాతా బెడ్డు బెడ్డుకీ లెక్క తీయాలి. దానికి ముందు ప్రతి బెడ్డుకూ విడిగా ఒక శాంపిల్ కుళాయి పెట్టించండి. అది ప్లంబరు చేసే పనే.

ఇంకొక్క మాట. మొదట్లో అంకెలు చెడ్డగానే వస్తాయి. వాటిని చూసి ఆపరేటర్లకు మెమోలు ఇవ్వొద్దని ముందే సర్క్యులర్ ఇప్పించండి. లేదంటే మావాళ్లు మళ్లీ 0.8 అనే రాస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిల్టర్ ఆపరేటర్