ప్లాన్‌లో మంచం కూడా గీయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రికలో వారానికోసారి వచ్చే ఇళ్ల పేజీని రెండేళ్లుగా కత్తిరించి ఫైల్లో దాచుకుంటున్నాను. ఖమ్మంలో మాకు 200 గజాల స్థలం ఉంది, ఉత్తరం రోడ్డు, 30 బై 60. లోను వచ్చింది, మేస్త్రీ కుదిరాడు, దసరా వెళ్లాక పని మొదలుపెడదామనుకున్నాం. మీ పేజీలో వచ్చిన బొమ్మనే ఒకదాన్ని కాస్త అటూ ఇటూ మార్చి మా ఇంజినీరు ప్లాన్ గీసిచ్చాడు. ఖరారు చేసేముందు నలుగురికీ చూపిద్దాం, తలో మాటా చెబుతారు కదా అనుకున్నాం. అలా చూపించాక తెలిసొచ్చిన సంగతులే ఈ ఉత్తరం. పొడుగైంది, మీరు కత్తిరిస్తారని తెలుసు, ముగ్గు సంగతి మాత్రం ఉంచండి.

మొదట చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాం. సాయంత్రానికి 40 మెసేజ్‌లు. పూజ గది ఈశాన్యంలో ఉందా, వంటిల్లు ఆగ్నేయమేనా, సెప్టిక్ ట్యాంకు వాయవ్యానికి జరపమనండి, సింహద్వారం ఉచ్చంలో, అంటే వాస్తుకు మంచిదనే చోట, పడిందో లేదో ఇంకోసారి కొలిపించండి... మా పెద్దమామయ్య గారైతే ప్లాన్ మీద ఎర్రపెన్నుతో గీతలు గీసి ఫొటో తీసి మరీ పంపారు. డాలస్‌లో ఉండే మా ఆడపడుచు "ఓపెన్ కిచెన్ పెట్టించు వదినా, ఇప్పుడందరూ అదే" అంది. వాళ్లింట్లో పోపు వారానికోసారి, మా ఇంట్లో రోజుకు రెండుసార్లు ఎండుమిర్చి వేగుతుంది, ఆ ఘాటుకి హాల్లో కూర్చున్నవాళ్లు దగ్గుతూ టీవీ చూడాలి, ఆ మాట ఆమెకు చెప్పలేక ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

వాస్తు వద్దని నేననడం లేదు. మేమూ సిద్ధాంతి గారిని పిలిపించాం, ఆయన చెప్పినట్టు వంటింటి గుమ్మం అర అడుగు జరిపాం కూడా. కానీ ఆ 40 మెసేజ్‌లలో, రాత్రి పూట అత్తయ్య బాత్‌రూమ్‌కి ఎటు నుంచి వెళ్తుంది అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు లెండి, ప్లాన్ చేతికొచ్చిన రోజు నేను చూసుకున్నది వంటింట్లో గట్టు ఎంత పొడుగుందో, అంతే.

మా మేస్త్రీ పెద్దవాడు. కాగితం చూసి, "అమ్మా, కాగితం మీద ఎవరి ఇల్లయినా పెద్దగానే కనిపిస్తది, ఓ బస్తా ముగ్గు తెప్పించండి, చూపిస్తా" అన్నాడు. పునాది తీసే రోజున ముగ్గు పోయడం అందరికీ తెలిసిందే. ఈయన నెల ముందే పోద్దామన్నాడు, అదీ పునాది గీతలు కాదు, గోడలూ గుమ్మాలూ తలుపు తెరుచుకునే వంపూ అన్నీ. ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ స్థలం దగ్గరికి వెళ్లాం. గోడల మందంతో సహా గీశాడు, బయట గోడ 9 అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర. అప్పుడు చూడాలి మా పిల్లల మొహాలు.

ప్లాన్‌లో వాళ్ల గది 10 బై 10 అని రాసుంది. ఆ 10 గోడ మధ్య నుంచి గోడ మధ్యకు కొలతట. బయట గోడలో సగం, లోపలి గోడలో సగం, పైన రెండు పక్కలా ప్లాస్టరింగ్ పోతే నికరంగా మిగిలేది 9 అడుగుల 4 అంగుళాలు. మంచం ఆరున్నర అడుగులు, గోడకు ఆనించే తలగడ పలకతో కలిపితే ఇంకో మూడు అంగుళాలు. కాళ్ల వైపు బీరువా పెడితే దానికి 20 అంగుళాలు. మా అబ్బాయి తువ్వాలు పరిచి మంచం అని పడుకున్నాడు, అట్ట పెట్టె నిలబెట్టి బీరువా అన్నాం. మధ్యలో మిగిలిన సందు జానెడు, 11 అంగుళాలు. బీరువా తలుపు తెరవాలంటే మంచమెక్కి తెరవాలి. "పర్లేదమ్మా, బట్టలు మంచం మీదే పెట్టుకుంటాం" అన్నాడు వాడు, ఇప్పుడూ అదే చేస్తున్నాడు కాబట్టి వాడికి పెద్ద తేడా కనిపించలేదు.

తర్వాత అత్తయ్య వంతు. ఆమెకు 76 ఏళ్లు, మోకాళ్లు పోయాయి, వాకర్ పట్టుకుని నడుస్తుంది. ఆమె గది ముందు వైపు, వాయవ్యంలో. అటాచ్డ్ బాత్‌రూమ్‌లు రెండూ మాకూ పిల్లలకూ పోయాయి. ఆమెకు మిగిలింది డైనింగ్ దాటాక మెట్ల కింద ఉన్న కామన్ బాత్‌రూమ్. ముగ్గు గీతల్లో ఆమె తన "గది" నుంచి బయల్దేరి "హాలు" దాటి "డైనింగ్ టేబుల్" చుట్టూ తిరిగి అక్కడికి వెళ్లింది. మేమెవరం లెక్కపెట్టలేదు, ఆమే పైకి లెక్కపెట్టుకుంటూ నడిచింది. 38 అడుగులు వేసింది. అక్కడికి వెళ్లి, గుమ్మం గీతల మధ్య వాకర్ పెట్టి నిలబడిపోయింది. తలుపు రెండున్నర అడుగులు, ఫ్రేము పోను 2 అడుగుల 2 అంగుళాలు. వాకర్ పడుతుంది, పట్టుకున్న చేతివేళ్లు ఒరుసుకుంటాయి. "రాత్రి మూడుసార్లు లేస్తాను అమ్మాయ్, నేనిక్కడే ఓ కుర్చీ వేసుకుని కూర్చుంటాలే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంజినీరును అడిగితే "ముందే చెప్పాలి కదా మేడమ్" అన్నాడు. నిజమే, చెప్పలేదు. ఎన్ని బెడ్‌రూములు కావాలో చెప్పాం, ఏ దిక్కున ఏది రావాలో చెప్పాం, వాకర్ ఉందని చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, వాళ్ల వయసులేంటి అని మొదటి రోజే అడిగి రాసుకోవడానికి ఎంతసేపు పడుతుందండీ, ఫీజు తీసుకుంటున్నప్పుడు ఆమాత్రం చేయాలి.

ఇంకో సంగతి పక్కింటి లెక్కల మాస్టారు పట్టుకున్నారు. రిటైరయ్యారు, ఊరికే చూసిపోదామని వచ్చి, ప్లాన్‌లో మెట్లు వేలితో లెక్కపెట్టి 15 అన్నారు. ఇంటి నేల నుంచి పై నేల దాకా పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు, 15తో భాగిస్తే మెట్టుకు 8 అంగుళాల పైనే. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఇళ్లకు మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదని ఉంది. ఇప్పుడు 18 మెట్లు చేయించాం, మెట్టు 7 అంగుళాలకు దిగింది, డైనింగ్‌లోంచి అడుగుంపావు పోయింది. పోనీ.

మునిసిపాలిటీ వాళ్లు ప్లాన్ చూస్తారు కదా అంటారేమో. తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ అనే ఇళ్ల అనుమతుల చట్టం వచ్చాక 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇచ్చేలా చేశారు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ అక్కడ చూసేది చుట్టూ ఎంత వదిలారు, ఎత్తెంత, రోడ్డెంత అన్నదే, లోపల ఎలా బతుకుతారన్నది వాళ్ల పని కాదు. బిల్డింగ్ కోడ్ లెక్కలో కూడా ఒక గది 9.5 చదరపు మీటర్లు ఉంటే రెండోది 7.5 ఉన్నా చాలు, బీరువా తెరుచుకోని మా పిల్లల గది 8 దాటి హాయిగా పాసైపోతుంది. సిద్ధాంతి గారు దిక్కులు చూస్తారు, ఆఫీసు హద్దులు చూస్తుంది, బ్యాంకు కాగితాలు చూస్తుంది. మంచం ఎక్కడ పడుతుందో చూసే మనిషి ఎవరూ లేరు, గృహప్రవేశం రోజు సామాను దింపే ఆటో అతను తప్ప.

అందుకే మీ పేజీ గురించి అడుగుతున్నాను. మీరు వేసే బొమ్మల్లో గదులు ఖాళీగా ఉంటాయి, ఖాళీ గది ఎప్పుడూ బాగానే ఉంటుంది. అందులో మంచం, బీరువా, ఫ్రిజ్, గ్యాస్ సిలిండర్, వాషింగ్ మెషిన్, బండి పెట్టే చోటు గీయండి, తలుపు ఎటు తెరుచుకుంటుందో వంపు గీయండి, కొలత గోడల లోపలిదో మధ్యదో ఒక్క ముక్క రాయండి. ఎవరి కోసం గీసిన ఇల్లో కూడా రాయండి. కొత్తగా పెళ్లయిన జంటకు పనికొచ్చే ప్లాన్ మాలాంటి ఐదుగురికి పనికిరాదు కదా. పడమటెండ ఏ గదికి తగులుతుందో చెప్పండి, మే నెలలో ఖమ్మం ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మా మూడు బెడ్‌రూములూ పడమటి గోడకే ఉన్నాయి, ఆ సంగతి ముగ్గులో నిలబడి మాడు కాలిన రోజు దాకా మాకు తట్టలేదు. వాస్తు శీర్షిక ఉంచుకోండి, దాని పక్కనే పాఠకులు పంపిన ప్లాన్ ఒకటి తీసుకుని, ఒక ఇంజినీరు చేత, ఒక ఇల్లాలి చేత తప్పులు చెప్పించండి. పేర్లు వేయొద్దు, బొమ్మ వేస్తే చాలు. మా ప్లాన్ పంపమంటే పంపుతాను, మొదటిదే పంపుతాను, తప్పులు ఎక్కువ దొరుకుతాయి.

ప్రస్తుతానికి హాల్లోంచి 4 అడుగులు తీసి అత్తయ్య గదికి బాత్‌రూమ్ పెట్టించాం, దాన్ని పడమటి గోడ వైపే వేశాం కాబట్టి ఎండ ముందు దానికే తగులుతుంది, ఆమె మంచానికి కాదు. తలుపు 3 అడుగులు. సోఫా చిన్నదైపోతుందని మా వారు ఇంకా సణుగుతున్నారు. బీరువా సంగతి తేలలేదు. మొన్నటి వానకి ముగ్గంతా కొట్టుకుపోయింది, ఇంకో బస్తా తెప్పించాం, ఈ ఆదివారం మళ్లీ పోస్తున్నాం. అత్తయ్య ఈసారి తన కుర్చీ కూడా తెస్తానంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఖమ్మం