గొడుగు సంస్థలో చేరే విషయం, అందరూ చదవండి

అందరికీ నమస్కారమండీ. మన తెలుగు స్పెల్‌చెకర్ ప్రాజెక్టుని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీలో చేర్చుకోమని దరఖాస్తు పెడదామని నా ప్రతిపాదన. అది 2006లో అమెరికాలో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకి గొడుగులా ఉండి వాటి డబ్బు, కాగితాల పనులు చూస్తుంది. గిట్, ఇంక్‌స్కేప్, సాంబా, వైన్ లాంటి ప్రాజెక్టులన్నీ దాని గొడుగు కిందివే.

ఇవాళ మన డొమైన్ ఒకరి పేరున, సర్వర్ బిల్లు ఇంకొకరి కార్డు మీద నడుస్తున్నాయి. వాళ్లలో ఒకరికి ఒంట్లో బాగోకపోతే పని ఆగిపోతుంది. ఎవరైనా విరాళం ఇస్తామంటే ఏ ఖాతాలో వేయమనాలో తెలీదు. చేరితే డబ్బు, డొమైన్ సంస్థ పేరున ఉంటాయి, లెక్కలూ ఒప్పందాలూ వాళ్లు చూస్తారు. వచ్చే ఆదాయంలో 10 శాతం వాళ్లకి. నాకది న్యాయంగానే అనిపిస్తోంది. కోడ్ విషయంలో నిర్ణయాలు మాత్రం మనవే, కాపీరైటు రాసివ్వక్కర్లేదు.

ముందు లైసెన్సుల సంగతి తేలాలి. కోడ్‌కి జీపీఎల్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోవచ్చనే స్వేచ్ఛా లైసెన్స్) ఉంది. పదాల జాబితా ఫోల్డర్‌లో మాత్రం లైసెన్స్ ఫైలే లేదు. పదాలు చేర్చినవాళ్లందరూ వాటిని స్వేచ్ఛా లైసెన్స్ కింద ఇవ్వడానికి మీ సమ్మతి రిపోలో (మన కోడ్, ఫైళ్లు ఉండే చోట) ఒక వాక్యంగా రాయండి. పాత నిఘంటువుల నుంచి ఎక్కించినవాళ్లు ఏ పుస్తకమో, ఏ ముద్రణో కూడా చెప్పాలి. ఇది తేలకుండా దరఖాస్తు పెట్టడం నాకిష్టం లేదు.

నిర్ణయాలకి ఒక కమిటీ కావాలి. అందులో ఒకే కంపెనీవాళ్లు ఎక్కువమంది ఉండకూడదు. కోడ్ రాయకపోయినా, రాత్రిళ్లు కూర్చుని 'ళ', 'ల' తేడాలు సరిచూస్తున్న మన టీచర్లు అందులో ఉండాలని నా గట్టి కోరిక.

అభ్యంతరాలుంటే ఆదివారంలోగా ఇక్కడే చెప్పండి. విడిగా మెసేజ్ పెట్టకండి, అందరూ చూడాలి.