టాబ్లాయిడ్ అంటే బిళ్ళ, తిట్టు కాదు

సంపాదకులు గారికి,

మొన్న ఆదివారం మీ సంపాదకీయంలో టీవీ చర్చల గురించి రాస్తూ ‘టాబ్లాయిడ్ స్థాయికి దిగజారాయి’ అన్నారు. ఆ చర్చల మీద మీకున్న కోపం నాకూ ఉంది. నా పేచీ ఆ ఒక్క మాటతోనే. కడప ఏడురోడ్ల దగ్గర ముప్పై ఏళ్లకు పైగా మందుల షాపు నడిపినవాణ్ణి. టాబ్లాయిడ్ పుట్టింది ప్రెస్సులో కాదు, మా అంగట్లో.

1884 మార్చిలో లండన్‌లోని బరోస్ వెల్కమ్ అనే మందుల కంపెనీ ఈ పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించుకుంది. అప్పట్లో మందంటే ఎక్కువగా పొడి పొట్లం, సీసాలో ద్రావకం, లేదంటే చేత్తో చుట్టిన మాత్ర. వీళ్లు పొడిని మెషీన్లో గట్టిగా అదిమి, కొలత తప్పని చిన్న బిళ్ళలుగా అమ్మారు. కంపెనీ యజమానుల్లో ఒకరైన హెన్రీ వెల్కమ్ ‘టాబ్లెట్’ మాటకు తోక మార్చి ఈ పేరు కట్టాడు. అదే ఏడాది డిసెంబరులో, తెలుగు నిఘంటువు కూర్చిన మన సి.పి. బ్రౌన్ దొర లండన్‌లోనే కన్నుమూశారు. ఆయన నిఘంటువు 1852లోనే అచ్చయింది కాబట్టి ఈ మాట అందులో వెతకడం దండగ. ఆయన చేతికి చిక్కి ఉంటే మన ‘బిళ్ళ’నే పక్కన రాసేవారని నా ఊహ.

పేరు బాగా పాకింది. మనం ఏ పేస్టునైనా కోల్గేట్ అన్నట్టు, చిన్నగా కుదించిన ప్రతిదాన్నీ జనం టాబ్లాయిడ్ అనేశారు. ఇంకో మందుల వ్యాపారి తన బిళ్ళలు ఆ పేరుతో అమ్మితే కంపెనీ కోర్టుకెక్కి 1903లో గెలిచింది. కానీ కోర్టులో గెలిస్తే జనం నోరు ఆగుతుందా? 1913లో సాప్‌విత్ కంపెనీ తయారుచేసిన చిన్న విమానం పేరు కూడా టాబ్లాయిడే!

పత్రికల్లోకి దీన్ని తెచ్చినవాడు ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్, లండన్ డైలీ మెయిల్ యజమాని. 1901 జనవరి 1న పులిట్జర్ తన న్యూయార్క్ వరల్డ్ పత్రికను ఒక్కరోజుకు ఆయన చేతికిచ్చాడు. సైజు సగం చేసి, వార్తలన్నీ కుదించి, పాఠకుడి టైము ఆదా చేసే పద్ధతి ఇదేనని ప్రకటించుకున్నాడు హార్మ్స్‌వర్త్. గమనించండి, అప్పుడది గొప్పగా చెప్పుకున్న మాట. మా బిళ్ళలాగే: తక్కువ చోటు, సరిపడా మందు.

చెడ్డపేరు తర్వాత వచ్చింది. చిన్న సైజులో బొమ్మలు, హత్యలు, పెద్దింటి గుట్లు వేసి అమ్ముకున్న పత్రికలు లండన్‌లో, న్యూయార్క్‌లో బాగా నడిచాయి. ఆ మచ్చ ఎంత గట్టిదంటే, 2004లో లండన్ టైమ్స్ పూర్తిగా చిన్న సైజుకు మారినప్పుడు టాబ్లాయిడ్ అనకుండా ‘కాంపాక్ట్’ అని చెప్పుకుంది. అది వాళ్ల గొడవ.

మనకు టాబ్లాయిడ్ అంటే మెయిన్ పేపర్‌లో పెట్టి ఇస్తూ వచ్చిన జిల్లా పుస్తకం. పొద్దున షాపు షట్టర్ ఎత్తగానే పేపర్ కోసం వచ్చేవాళ్లు ముందు దాన్నే లాగేసుకునేవాళ్లు, ఢిల్లీ వార్తలు బల్ల మీద పడి ఉండేవి. కరెంటు కోత ఎప్పుడు, కేసీ కాలువకు నీళ్లెప్పుడు, రిమ్స్‌లో ఏ డాక్టరు సెలవు, పసుపు రేటెంత, ఎవరింట్లో కర్మంతరం, అన్నీ అందులోనే. 2020 నవంబరులో బుగ్గవంక పొంగి కాలనీలు మునిగినప్పుడు మాకు అక్కరకొచ్చింది ఆ జిల్లా పేజీలే. ఏ వీధిలో నీళ్లు తగ్గాయో, అన్నం పొట్లాలు ఎక్కడిస్తున్నారో మెయిన్ పేపర్ చెప్పలేదు, చెప్పాలని నేనూ అనుకోను.

అలాంటి పేజీల పేరును మీరే తిట్టుగా వాడితే, మండలాల్లో బైకు మీద తిరిగి ఆ వార్తలు పంపే మీ కంట్రిబ్యూటర్లు ఏమనుకుంటారు? చౌకబారు అనండి, పుకార్లు అనండి, నోటిదురద అనండి. తెలుగులో తిట్లకు కరువా?

ఇంకొక్క మాట. ఇప్పుడు మీ జిల్లా పేజీల్లో సగం ఫ్లెక్సీల్లాంటి శుభాకాంక్షల ప్రకటనలే. పోయిన వారం మా వీధిలో ఐదు రోజులు కుళాయి రాకపోతే మూడు లైన్ల వార్త వేశారు, అదీ వేరే వీధి పేరుతో. సవరణ ఇంకా రాలేదు.

ఇట్లు,
మందుల షాపు నుంచి రిటైరైన ఒక పాఠకుడు,
కడప