గాలివానకు ముందే విమానాలను కట్టాలి

సంపాదకునికి,

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఈదురుగాలులు లేస్తాయి. చెట్లు, హోర్డింగులు కూలితే వార్త అవుతుంది. బేగంపేట పాత విమానాశ్రయం లాంటి చోట ఆరుబయట నిలిపే శిక్షణ విమానాల ఊసు పెద్దగా రాదు. రెండు సీట్ల సెస్నా 152 ఖాళీగా ఉంటే బరువు దాదాపు 500 కిలోలే. గంటకు 80 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే ఇంజిన్ ఆగి ఉన్నా రెక్కలు పైకి లేవబోతాయి.

రెక్కలను, తోకను నేలలోని కొక్కేలకు తాళ్లతో కట్టాలి. చక్రాలకు అడ్డుదిమ్మెలు సరే, రెక్కల, తోక మీది కదిలే పలకలను కదలకుండా బిగించే కంట్రోల్ లాక్ మరవకూడదు. అది లేకపోతే ఐలెరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు), రడ్డర్ (తోక మీది నిలువు పలక) టపటపా కొట్టుకుని కీళ్లు దెబ్బతింటాయి. ఆ దెబ్బ పైకి కనిపించకపోవచ్చు. మర్నాడు దాన్ని ఎక్కేది శిక్షణలో ఉన్న పిల్లలు! నా టెన్షన్ అదే.

ఉరుముల హెచ్చరిక రాగానే విమానాలు కట్టించే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి. గాలివాన తర్వాత ఇంజినీరు చూడనిదే ఏ విమానాన్నీ ఎగరనివ్వకూడదు.

- ఒక పాఠకుడు, సికింద్రాబాద్