చర్మ దద్దుర్లపై ఆదివారం సమావేశం – బ్రాడీపేట అపార్ట్‌మెంట్ సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన సెల్లారులో చర్మవైద్యులు కాంటాక్ట్ డెర్మటైటిస్ (ఏదైనా వస్తువు తాకడం వల్ల చర్మంపై వచ్చే దద్దుర్లు) గురించి వివరిస్తారు కనుక ఇంటికొకరైనా తప్పక రావాలి. రోజంతా సబ్బునీళ్లలో నానేది పనివారి చేతులే కాబట్టి వారినీ వెంట తీసుకురండి.

సబ్బు, బ్లీచింగ్ పౌడరు, మిరపకాయల ఘాటు చర్మాన్ని నేరుగా దెబ్బతీస్తాయి. నికెల్ కలిసిన గిల్టు నగలు, జుట్టు రంగు, స్టిక్కర్ బొట్టు జిగురు మాత్రం అలర్జీ ఉన్నవారికే పడవు. ఈ అలర్జీ సాధారణంగా ఆ వస్తువు తాకిన ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు కాబట్టి అసలు కారణం వెంటనే తట్టదు. గడియారం పట్టీ ఆనినంత మేరే ఎర్రబడి దురద పెట్టడం, నీటిపొక్కులు, పగుళ్లు దీని గుర్తులు. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటదు.

మీకు అనుమానమున్న సబ్బు, రంగు ప్యాకెట్లను తప్పక తీసుకురండి. అంతవరకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీములు దయచేసి రాయకండి.